ఆలిస్ మంచం

గిరిజ గురించి రాయాలంటే ముందు ఆమె భర్త ప్రాజెక్టు గురించి రాయాలి. అమెరికాలో మా బెంటన్‌విల్‌లో తెలుగు ఆడవాళ్ల కథలన్నీ అక్కడే మొదలవుతాయి, నాదైనా అంతే. నాకది ఒళ్లుమంట. లోకేష్ ఇక్కడి పెద్ద కంపెనీలో కాంట్రాక్టరు, జీతమిచ్చేది మాత్రం ఓ చిన్న కన్సల్టెన్సీ. అతని వీసా వెనకాల డిపెండెంట్‌గా వచ్చి గిరిజ మా పక్క అపార్ట్‌మెంట్‌లో దిగింది. తెనాలిలో జూనియర్ కాలేజీ పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పిన మనిషికి ఇక్కడ ఉద్యోగం చేసే వీలు లేదు. చదువుకోవచ్చు. అరగంట దూరంలోని యూనివర్సిటీలో హిస్టరీ ఎమ్మేలో చేరింది.

తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లలో అందరికీ ఆమె అంటే వేళాకోళం. "హిస్టరీ ఏంటి గిరిజా, టెస్టింగ్ కోర్స్ చెయ్యొచ్చుగా" అనేవాళ్లు. నవ్వి ఊరుకునేది. డ్రైవింగ్ ఇంకా రానప్పుడు క్లాసులకు నేనే దింపేదాన్ని. దారి పొడుగునా రోజర్ కథే. ఆమె థీసిస్ ఆ మనిషి మీదే.

ఏడువందల ఏళ్ల కిందట ఇంగ్లండు రాజుగారి కొలువులో అధికారి ఈ రోజర్. తిరగలి మర నడిపేవాడి కొడుకు. చర్చి పాదిరీ దగ్గర లాటిన్ నేర్చుకుని, గుమాస్తాగా చేరి, నలభై ఏళ్లొచ్చేసరికి రెండు జిల్లాలకు పెద్దయ్యాడు. రాజుగారి భూమి అనుభవిస్తున్న రైతుదొర ఎవరైనా పోతే రోజర్ గుర్రమెక్కి ఆ ఇంటికి వెళ్లాలి. భూమి, గొడ్డూ గోదా, గిన్నెలూ తపేలాలూ రాజు పేరిట స్వాధీనం చేసుకోవాలి. రాజుగారి అనుమతి లేకుండా మళ్లీ పెళ్లాడనని భార్య ప్రమాణం చేస్తేనే ఆమె వాటా ఆమెకు దక్కుతుంది. ఇరవై ఏళ్లు ఆ పనే చేశాడు. కొత్త రాజు రాగానే ఉద్యోగం ఊడబీకి ఇంటికి పంపాడు.

"మొగుడు పోయి ఏడుస్తుంటే ఇంటికొచ్చి గిన్నెలు లెక్కపెట్టేవాడా? వాడి మొహం మండ!" అన్నాను స్టీరింగ్ మీద కొట్టి.

"అలా అనకక్కా. లంచం తినలేదు, ఎవరి మీదా అరవలేదు. తన పని తను చేశాడంతే. ఆలిస్ అని మొగుడు పోయిన ఒకావిడకి మంచం కూడా జప్తు చెయ్యకుండా వదిలేశాడు తెలుసా? దాని మీదే నా లాస్ట్ చాప్టర్" అంది గిరిజ. ఆ రోజర్‌ను సొంత మేనమామలా వెనకేసుకొచ్చేది.

మార్చిలో ఒక సోమవారం లోకేష్ ఆఫీసు పార్కింగ్‌లో కారు దిగుతూనే కూలిపోయాడు. గుండెపోటు. థీసిస్ అప్పటికి పూర్తయింది, సెమిస్టర్ చివర ఇవ్వడమే మిగిలింది.

దహనం అయిన వారానికి కన్సల్టెన్సీ వీసాలు చూసే లాయరు ఫోన్ చేశాడు. ముందు సంతాపం చెప్పాడు. తర్వాత, ఆమెకు ఇక్కడ ఉండే అర్హత భర్తతోనే పోయిందని, త్వరగా బయల్దేరడం మంచిదని చెప్పాడు. స్టూడెంట్ వీసాకు మారాలంటే బ్యాంకులో చూపించాల్సినంత డబ్బు గిరిజ దగ్గర లేదు. ఎన్ని విధాలుగా అడిగినా జవాబు అదే. నాకు గోడకు తల బాదుకోవాలనిపించింది. ఆమె మాత్రం డిగ్రీ చేతికొచ్చేదాకా ఉండనిస్తే చాలంది.

ఆ మర్నాడు కన్సల్టెన్సీ నుంచి రష్మి వచ్చింది. మన తెలుగు పిల్లే, హెచ్ఆర్‌లో పని. చేతిలో పూలగుత్తి. చాలాసేపు కూర్చుంది, కళ్లు తుడుచుకుంది, ఆఖరికి గొంతు తగ్గించి అడిగింది.

"సారీ అండీ, లోకేష్ గారి లాప్‌టాప్, బ్యాడ్జ్ తీసుకెళ్లాలి. క్లయింట్ ప్రొసీజర్ అండీ. చార్జర్ మీరు ఉంచుకోండి, నేను మేనేజ్ చేస్తా."

"సిగ్గులేదా నీకు?" అని లేచాను.

గిరిజ నా చెయ్యి పట్టుకుంది. "తిట్టకక్కా. తన పని తను..." అని అక్కడే ఆగిపోయింది. లోపలికెళ్లి లాప్‌టాప్, బ్యాడ్జ్ తెచ్చి రష్మి చేతిలో పెట్టింది.

తలుపు మూశాక టేబుల్ మీద మిగిలిన చార్జర్ వైపు చూస్తూ అంది: "మంచం వదిలేశాడని మెచ్చుకుంటూ చాప్టర్ రాశానక్కా. అది ఆవిడ మంచమే కదా."

ఆ చాప్టర్ మళ్లీ రాస్తానని ప్రొఫెసర్‌ని అడిగింది. ఇంకో సెమిస్టర్ పడుతుందన్నారాయన. ఇంకో సెమిస్టర్ ఉండే దారి లేదు. నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. అయిదో రోజు రోజర్‌ను, అతని దయాగుణాన్ని, ఒక్క అక్షరం మార్చకుండా యూనివర్సిటీకి పంపేసింది. "ఇదీ వదులుకుంటే ఇక్కడినుంచి బూడిద తప్ప ఏం తీసుకెళ్లనక్కా?" అని నన్నే అడిగింది. ఏప్రిల్‌లో ఎయిర్‌పోర్ట్‌లో దింపి వచ్చాను.

మేలో తెనాలి నుంచే వీడియోలో థీసిస్ పరీక్షకు కూర్చుంది. ఆ సాయంత్రం మెసేజ్ పెట్టింది: పాసయ్యానని, చివరిదైన ఆ మంచం చాప్టరే అన్నిటికన్నా బాగుందని ముగ్గురు ప్రొఫెసర్లూ మెచ్చుకున్నారని.

కంగ్రాట్స్ అని టైప్ చేసి, పంపకుండానే చెరిపేశాను.