జపమాల పట్టిన చేతులు

ప్రాణం పోసేవాడూ, పోసిన ప్రాణాన్ని తిరిగి తనలో చేర్చుకునేవాడూ అయిన శ్రీమన్నారాయణుడికి నమస్కరించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా చేతులు వణకకుండా కాపాడింది ఆయనే.

నా ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, రంజాన్ పండుగ అయిన వారంలో జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను కువైట్‌లోని ఒక శవాగారంలో సీనియర్ ఎంబామర్‌ని. దేశం దాటి వెళ్లే దేహం చెడిపోకుండా రక్తనాళాల్లోకి మందు ఎక్కించడం నా పని. తర్వాత దేహాన్ని జింకు రేకు పెట్టెలో ఉంచి, అధికారి ఎదుట టంకం వేసి మూసేస్తారు.

ఆ ఉదయం వచ్చిన దేహం డెన్నిస్ అనే ఐర్లండ్ ఇంజనీరుది. గుండెపోటు. కువైట్‌లోనే, జాబ్రియా ప్రాంతంలో టీచరుగా ఉన్న అతని అక్క నోరా కాగితాలన్నీ సిద్ధం చేయించింది. మందు ఎక్కించాక ఆమెను చూడటానికి పిలిచాను. చేతులు ఒంటి పక్కల ఎందుకు ఆనించి ఉంచారని అడిగింది. ఆమె గుప్పిట్లో సిలువ వేలాడే ఒక జపమాల ఉంది.

వాళ్ల పల్లెలో పెట్టె మూత తీసి దేహాన్ని ఇంట్లోనే ఉంచుతారట. గడియారం ఆపి, అద్దాలకు గుడ్డ కప్పుతారు. ఊరంతా వచ్చి టీ తాగుతూ, పోయినవాడి కబుర్లు చెప్పుకొని నవ్వుకుంటూ రెండు రోజులు కూర్చుంటారు. ఒక్క నిమిషమైనా ఒంటరిగా వదలరు. గుండెల మీద చేతులు, చేతుల్లో జపమాల ఉండాలి. ఎనభై ఏళ్ల తల్లి అలా చూడాలని ఎదురుచూస్తోంది.

మందు ఎక్కిన కండ గట్టిపడి, ఉంచిన భంగిమలోనే నిలిచిపోతుంది. చేతులు ముందే అమర్చాలి. పెట్టె లోతు తక్కువని అందరికీ చేసినట్టే చేసి, ఆమెను అడగకపోవడం నా తప్పు. ఆ మాటే ఆమెతో చెప్పాను. అప్పటికే రెండు గంటలు గడిచాయి. బలవంతం చేస్తే చర్మం చిట్లుతుంది. నాలుగింటికి పెట్టె మూయించడానికి అధికారి వస్తాడు.

శుభ్రం చేసే రెడ్డెమ్మది రాయచోటి. "ఏంటికన్నా అంత దిగులు? ఉడుకునీల్లు కాంచుకోని వస్తా, గుడ్డ ముంచి కాపడం పెడదాం" అంది.

పని జరిగేటప్పుడు బయటివాళ్లకు లోపల ఉండే అనుమతి లేదు. తమ్ముడి దగ్గర ఎవరుంటారని నోరా గుమ్మం దగ్గర అడిగింది.

"నేనుండానని చెప్పన్నా. ఈడనించి కదిలేది ల్యా" అంది రెడ్డెమ్మ. నోరా చెప్పిన ఆచారం నా నోట విని ఆశ్చర్యపోయింది. "మా ఊర్లో పీనిగ కాడ నవ్వితే తంతారు! సరే, ఆయప్పకు నేనే ఒగ కత చెప్తా. ఇను డెన్నిసన్నా, నేను ముందు పని చేసిన ఇంటి మామా, అదే ఆ ఇంటి యజమానమ్మ, ఒగసారి నన్ను ఎగైలా మాల్‌లో మర్సిపోయి ఇంటికి పాయ. సాయంత్రం చాయ్ కావాల్సినప్పుడు గానీ నేను లేనని తెలీలే!"

ఆ గదిలో నేను నవ్వడం అదే మొదటిసారి. తర్వాత విష్ణు సహస్రనామం మెల్లగా చదువుకుంటూ మోచేయి, మణికట్టు, ఒక్కొక్క వేలు వేడి గుడ్డతో మర్దనా చేశాను. మూడున్నర దాటాక రెండు చేతులూ గుండెల మీదికి చేరాయి. ఎక్కడా చర్మం చిట్లలేదు. జపమాల వేళ్ల మధ్య నేనే చుట్టాను. మళ్లీ లోపలికి పిలిస్తే నోరా చూసి, తమ్ముడి చేతిమీద చేయి వేసింది. లోపలి నుంచి వినిపించిన నవ్వు సంగతి అడిగితే ఎగైలా కథ ఆమెకు చెప్పాను.

పదిరోజులకు నోరా నుంచి ఉత్తరం వచ్చింది. తల్లి ఆ చేతులు పట్టుకొనే కూర్చుందట. ఎగైలా కథకు ఇల్లంతా నవ్విందట. రెడ్డెమ్మ ఆ ఉత్తరాన్ని నాతో మూడుసార్లు చదివించుకుంది.

ఆ వారంలోనే ప్రతి దేహానికీ మేము నింపే కేసు కాగితంలో ఒక ప్రశ్న చేర్పించాను: చేతులు ఎలా ఉంచాలి? మందు ఎక్కించేముందు అడగాల్సిన ప్రశ్న అది. నా తర్వాతి ఎంబామర్లు ఇప్పటికీ అడుగుతున్నారు.

పరాయి నేల మీద కన్నుమూసి ఇంటిదారి పట్టిన వారందరి కోసం, ఇది చదివిన మీరూ నాతోపాటు ఒక్కసారి నారాయణ నామం పలకండి.