చీర మూలన పసుపు

నంద్యాలలో మేము అడిగిన మొదటి మూడు గదులూ మాకు దొరకలేదు. మూడూ ఖాళీగానే ఉన్నాయి. తాళం తీసి చూపించారు, ఫ్యాను వేసి చూపించారు, ఏం పెడతారని అడిగారు. పాత బట్టల అంగడని మా ఆవిడ చెప్పగానే ముగ్గురూ ఒకే ప్రశ్న వేశారు: ఎవరివి? మొదటాయన ఇంట్లో కనుక్కుని చెప్తానన్నాడు. రెండో ఇంటామె పైన తాము కాపురం ఉంటామని రెండుసార్లు గుర్తు చేసింది. మూడో ఆయన తాళం వేస్తూనే మాట్లాడాడు.

నాలుగో గది బస్టాండు వెనక వీధిలో, పూజాసామాన్ల అంగడి పక్కన దొరికింది. ఓనరు కర్నూలులో ఉంటాడు. ఫోనులో ఆయనకు గుడ్డల అంగడి అని మాత్రం చెప్పాను. అది అబద్ధం కాదు. ముప్పై ఏళ్ళు ఆళ్ళగడ్డ నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాసినవాణ్ణి. అబద్ధం కాని మాటతో ఎంత దాచవచ్చో నాకు బాగా తెలుసు.

ఆ అంగడి ఆలోచన మా ఆవిడది. ఆళ్ళగడ్డలో మేము మా అన్న ఇంట్లోనే ఒక వాటాలో ఉండేవాళ్ళం. ఆమె వసారాలో మిషను వేసుకుని రవికలు కుట్టేది, ఊళ్ళోవాళ్ళ బట్టలు వదులు చేసి, బిగించి ఇచ్చేది. అన్న పోయిన ఏడాదికి వదిన తన తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది, ఇల్లు అమ్మేశారు. మా ఆవిడ అప్పుడే చెప్పింది. జీవితమంతా ఇంకొకరి వసారాలో కుట్టాను, ఒక్కసారి నా అంగడిలో నేను కూర్చోవాలి అని. నంద్యాల జిల్లా అయింది, హాస్టళ్ళలో పిల్లలు ఎక్కువ, పల్లెల నుంచి రోజూ జనం దిగుతారు, మంచి బట్ట తక్కువకు దొరికితే ఎందుకు కొనరని ఆమె లెక్క. ఏడాది చూద్దామనుకున్నాం. నడవకపోతే ఆళ్ళగడ్డకు పోయి మళ్ళీ ఎవరి వసారానో వెతుక్కోవాలి. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు.

బట్టలు ఒక స్టీలు గంప ఆమె తెచ్చిచ్చేది. నెత్తిన గిన్నెల గంప, భుజాన మూట. వీధులు తిరిగి పాత బట్టలకు గిన్నెలు మారుస్తుంది. ఆమెకు యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. ఇంతకుముందు ఆ మూటలు ఎవరో దూరపు వ్యాపారికి పోయేవట. మా ఆవిడ వాటిలో మంచివి ఏరి, నానబెట్టి, ఉతికి, విడిన కుట్లు వేసి, ఇస్త్రీ చేసి తగిలించేది. మొదటి వారం దండేలు ఖాళీగా కనిపిస్తున్నాయని మా ట్రంకులోవి కూడా తెమ్మంది. నా పాత చొక్కాలు ఐదారు తెచ్చి చివర దండేనికి తగిలించాను.

ఆమె ఇంకొక పని చేసేది. ఇస్త్రీ అయిన ప్రతి చీరకూ ఒక మూల, లోపలికి పోయే చెంగున, వేలితో కొద్దిగా పసుపు పెట్టేది. ఎందుకని అడిగాను. కట్టుకునేవాళ్ళకు అది కొత్త చీరే కదా, పసుపు పెట్టకుండా కొత్త బట్ట ఎట్లా కట్టుకుంటారు అంది. నాకు సబబుగానే తోచింది. పసుపు పక్క అంగడిలోనే కొనేది.

రెండు నెలలు బాగానే నడిచింది. మూడో నెలలో ఏదో తేడా వచ్చింది. ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు, చీర విప్పేవాళ్ళు, ధర అడగకముందే చెంగు మూలలు వెతికేవాళ్ళు. పసుపు కనిపించగానే మడత పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకామె మడత కూడా పెట్టలేదు. వేలి చివరలు కొంగుకు తుడుచుకుంటూ మెట్లు దిగింది.

ఏం జరుగుతోందో బండి ఆత్మకూరు నుంచి వచ్చిన ఒకావిడ వల్ల తెలిసింది. పదిరోజుల కిందట కొన్న వంగపండు రంగు చీరను కవరులో తెచ్చి బల్ల మీద పెట్టింది. మూలన పసుపు మరక ఎర్రగా మారి ఉంది. సబ్బు తగిలితే పసుపు అట్లాగే అవుతుందని, రెండెండలు తగిలితే పోతుందని మా ఆవిడ నెమ్మదిగా చెప్పింది.

"పసుపని నాకూ తెలుసు లేమ్మా. పాత చీరకు పసుపెందుకు పెట్టినావ్? అది చెప్పు."

మా ఆవిడ తనకు తోచినది చెప్పింది. ఆమె వినింది కానీ నమ్మలేదు.

"మా అత్త యేమంటాండాదో తెల్సా? సచ్చిపోయినోళ్ళ చీరంట ఇది. దోషం పోవాలని పసుపు పెట్టి అమ్ముతాండారంట. ఏమీ లేకపోతే పసుపుతో పనేముండాది?"

మెట్ల కింద ఇద్దరు ఆగి వింటున్నారు. పక్క అంగడాయన అగరొత్తుల కట్టలు సర్దుతూ సర్దుతూ చేయి ఆపాడు. మా ఆవిడ డబ్బు వెనక్కి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. చీర ఎవరిదో చెప్పు, చెప్తే కట్టుకుంటా అంది. వచ్చే గురువారం రా, తెచ్చినామె ఈడ్నే ఉంటాది, ఆమెనే అడుగు అని మా ఆవిడ మాటిచ్చేసింది.

ఆ మధ్యాహ్నం ఆమె అన్నం కలిపి తినకుండా కూర్చుంది. గురువారం ఆ జవాబు రాకపోతే వీధి వీధంతా ఒకటే మాట అనుకుంటుందని, ఆ తర్వాత అంగడి తెరిచినా మూసినా ఒకటేనని ఇద్దరికీ తెలుసు.

నేను ముందు పక్క అంగడాయనను అనుమానించాను. పసుపు అమ్మింది ఆయన, ఎంత కొన్నామో తెలిసింది ఆయనకు. రెండు రోజులు లోపల కూర్చుని ఆయన్నే చూశాను. మా మెట్ల దగ్గర ఎవరైనా తటపటాయిస్తే వాళ్ళు ఆయన వైపు తిరిగేవాళ్ళు, ఆయన ఏదో ఒక్క మాట అనేవాడు, వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. మూడో రోజు వెళ్ళి నేరుగా అడిగాను.

"నేనేం చెప్పలేదప్పా" అన్నాడు. "ఆ బట్టలు ఎవరివని అడుగుతాండారు. నాకేం తెల్సు? తెలీదని చెప్తాండా."

ఆయన చెప్పింది నిజమే. కాకపోతే అడిగినవాళ్ళకు చిన్నగా నవ్వి, కళ్ళు పక్కకు తిప్పి, తెలీదని చెప్పేవాడు. నేను రాసిన వార్తల్లో కూడా ఆ పద్ధతి చాలాసార్లు వాడాను. సంబంధిత అధికారి స్పందించలేదని రాస్తే చదివేవాళ్ళు మిగతాది వాళ్ళే అనుకునేవాళ్ళు.

తర్వాత అనుమానం స్టీలు గంప ఆమె మీదికి పోయింది. ఆమె ఏ ఇంట్లో ఏం తీసుకుంటోందో మాకు మాత్రం ఏం తెలుసు? పోయినవాళ్ళ బట్టలు మంచివి ఉంటాయి, ఇంట్లో పెట్టుకోలేరు, ఒక గిన్నె వస్తే ఎవరైనా ఇచ్చేస్తారు. అట్లా ఆలోచించే కొద్దీ దండేల మీద ప్రతి చీరా నాకే వేరుగా కనిపించడం మొదలుపెట్టింది. బుధవారం ఉదయం, నీతో ఒక పూట తిరుగుతానని ఆమెను అడిగాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"నా మింద అనుమానమా అన్నా?"

కాదన్నాను. అవునని ఆమెకు తెలుసు. అయినా రమ్మంది.

ఐదారు వీధులు తిరిగాం. నేను నాలుగడుగులు వెనక. ఒక ఇంట్లో నడివయసు ఆవిడ మగవాళ్ళ చొక్కాలు నాలుగు తెచ్చింది. చినగలేదు, రంగు పోలేదు. గంప ఆమె వాటిని ముట్టుకోలేదు.

"ఈ మనిషి ఉండాడా?"

"ఉండాడు. పొట్టొచ్చింది, గుండీలు పడ్డంల్యా" అంది ఆ ఇంటావిడ.

గంప ఆమె తల ఊపి, గిన్నెలు సర్దుతున్నట్టు వంగి గడప పక్కకు చూసింది. అక్కడ మగవాళ్ళ చెప్పులు ఒక జత, మడమ దగ్గర అరిగినవి, తడిమట్టి ఇంకా ఆరనివి. అప్పుడు చొక్కాలు చేతిలోకి తీసుకుంది. ఈ కాలరు చూడు, ఈ చంక చూడు, ఈడ మరక చూడు అని ఒక్కో లోపం చూపించి బేరమాడింది.

ఇంకొక ఇంట్లో అదే ప్రశ్నకు ఒక పిల్ల ఉండాడనే చెప్పింది. చెప్పుల స్టాండులో ఆడవాళ్ళవీ పిల్లలవీ మాత్రమే ఉన్నాయి. గంప ఆమె ఈరోజు పెద్ద గిన్నెలు లేవమ్మా అని గంప ఎత్తించుకుంది. సందు మలుపు తిరిగాక నాతో చెప్పింది.

"నోరు అబద్ధం చెప్తాదన్నా. చెప్పులు చెప్పవు. పోయినోళ్ళవి నేను తీసుకుంటే మా ఇంట్లో నా చేతి కూడు ఎవురూ తినరు."

ముప్పై ఏళ్ళు మనుషులను ప్రశ్నలు అడిగి బతికాను. ఈ బట్టలు ఎవరివని ఆమెను ఒక్కసారీ అడగలేదు. సందేహం ఉంచుకుని ఆమె వెనక నడిచాను, అంతే.

గురువారం బండి ఆత్మకూరు ఆవిడ చెప్పిన వేళకే వచ్చింది. ఈసారి అత్తను కూడా తెచ్చింది. పక్క అంగడాయన పనేమీ లేకుండా మా మెట్ల మీద నిలబడ్డాడు. గంప ఆమె వంగపండు చీర చూడగానే చెప్పింది. టీచరమ్మది, బడి వెనక సందు, జరీ దగ్గర ఇస్త్రీపెట్టె తగిలి కాలిందని తగ్గించి తీసుకున్నా, నిన్న కూడా ఆమె స్కూటర్ మీద పోతాంటే చూసినా అని. వేలు పెట్టి ఆ కాలిన చోటు చూపించింది. అత్త కళ్ళజోడు సర్దుకుని చూసింది.

మా ఆవిడ అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. ధైర్యం వచ్చి, అన్నీ చూడక్కా, అందరి ముందే చెప్పు అంది. గంప ఆమె దండెం దండెం దాటుతూ వచ్చింది. లోపం చూపించి బేరమాడిన బట్టను ఆమె మరచిపోదు. ఇది రైల్వే వాళ్ళింటిది, చెంగున చిల్లు. ఇది నేను తెచ్చిందే. ఇదీ నాదే. నా పాత చొక్కాల దగ్గర నా వైపు చూసింది, నావేనన్నాను, దాటింది. ఆ తర్వాతి రెండు చొక్కాల దగ్గర ఆగింది. ఒకటి తెలుపు, ఒకటి సన్న నీలి గీతలది.

"ఇవి నావి కాదు. ఎవురివి?"

అవి మా అన్నవి. పెద్దదినం రోజు అన్న బట్టలన్నీ ఇచ్చేస్తుంటే ఆ రెండూ నేను పక్కన పెట్టుకున్నాను. ట్రంకులో నా వాటితో కలిసి ఉన్నాయి. దండెం నింపే రోజు మరచిపోయి తగిలించానని తర్వాత మా ఆవిడతో చెప్పాను. మరచిపోలేదు. మంచి గుడ్డ, ఎవరైనా తొడుక్కుంటే బాగుండుననుకున్నాను. ఊరంతా అనుకున్న మాట మా అంగడిలో నిజమైంది ఆ రెండిటి విషయంలోనే. తెచ్చింది నేను.

నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ వచ్చి రెండు హ్యాంగర్లూ దించేసింది. నా చొక్కాల వెనక ఉన్నవాటిని ఇన్నాళ్ళూ గమనించలేదు, ఇప్పుడు చూడగానే ఆమెకు తెలిసింది. అన్న చొక్కాలకు కాలర్లు తిప్పి కుట్టింది ఆమే.

"అమ్మేటివి కాదు. మా ఆయనవి. ఇస్త్రీ చేసి ఈడ తగిలించినా."

గంప ఆమె చొక్కా భుజాల వెడల్పు చూసింది. నా భుజాలు చూసింది. గడప దగ్గర నా చెప్పులూ చూసింది.

"అట్లయితే తొడుక్కోరాదన్నా. ఊరికే ఎందుకు తగిలిస్తారు" అంది.

వంగపండు చీర వెనక్కి పోలేదు. అత్త దాన్ని తానే మడత పెట్టి కవరులో పెట్టుకుంది. మా ఆవిడ మిగిలిన చీరలన్నీ అంగడి ముందు తాడు కట్టి పసుపు మూలలు పైకి ఉండేలా నాలుగు రోజులు ఎండలో వేసింది. మరకలు పోయాయి. మళ్ళీ పసుపు పెట్టలేదు. కొన్నవాళ్ళకు చిన్న పొట్లం చేతికిస్తుంది, మీ ఇంట్లో మీరే పెట్టుకోండని.

ఏడాది దాటింది. అంగడి ఉంది. ఆ రెండు చొక్కాలు నేను మార్చి మార్చి తొడుక్కుంటున్నాను. తొడుక్కోకపోతే గంప ఆమె అడుగుతుంది. వదులని, బిగించమని మా ఆవిడను నేను అడగలేదు. బిగిస్తానని ఆమె అనలేదు.

మొన్న పక్క అంగడాయన టీ గ్లాసు అందిస్తూ నా భుజం కుట్టు కిందికి జారి ఉండటం చూశాడు.

"ఇంట్లో మిషను పెట్టుకోని నీ చొక్కా ఇంత లూజుగా ఉండాదేమప్పా?"

గాలి ఆడుతుందని చెప్పాను. అది అబద్ధం కాదు. ఆయన సరేనని తల ఊపి, టీ అయిపోయేదాకా మరో రెండుసార్లు భుజం వైపు చూశాడు.