బాబురావు వేలాడే బస్సు

మాదన్నపేట నుంచి నయాపూల్ దాకా పొద్దుటి బస్సులో బాబురావు నోరు మూతపడితే ఒట్టు. ఆడవాళ్లకు టికెట్ తీసేసిన నాటి నుంచీ ఆయనకు సీటు దొరకలేదు మరి! పైన రాడ్ పట్టుకుని వేలాడుతూ మొదలుపెడతాడు.

"పైసలిచ్చినోడు నిలవడాలె, ఫ్రీగ వచ్చినోళ్లు కూసోవాలె. పొద్దుగాల పొద్దుగాల మీకేం పనులుంటయమ్మా?"

ఆయనదేదో కలెక్టరు ఉద్యోగమైనట్టు! ఓ సర్కారు ఆఫీసులో అటెండరు. అక్కడా నిలబడే పనే.

ఆ రోజు మాత్రం పాపం, ఆయనకు వేరే దిగులు పట్టుకుంది. ఊరవతల ఆఫీసుకు బదిలీ చేస్తారని వినికిడి. అదే జరిగితే రెండు బస్సులు మారాలి, రెండింట్లోనూ వేలాడాలి. సంతకం పెట్టే సూపరింటెండెంటుకు తీపంటే ప్రాణం. అందుకని భార్య సుందరమ్మ చేత డబుల్ కా మీఠా చేయించి, స్టీలు డబ్బాలో పెట్టుకుని బయల్దేరాడు.

బస్సు కిక్కిరిసి ఉంది. ఒక చేత రాడ్, ఒక చేత డబ్బా. ఆడవాళ్ల సీట్లో కూర్చున్న కూరగాయల రుక్మాబాయి, రోజూ ఆయన నోట పడే మనిషే, చేయి చాచింది. మన బస్సుల్లో అది మామూలే. నిలబడ్డవాళ్ల సామాను కూర్చున్నవాళ్ల ఒడిలోకి పోతుంది.

"ఇటియ్యి అన్నా, పట్టుకుంట."

"అవసరం లే" అన్నాడు బింకంగా.

అంతలో డ్రైవరు బ్రేకు తొక్కాడు. బాబురావు పక్కాయన మీద పడి, లేచి, కిక్కురుమనకుండా డబ్బా ఆమె ఒడిలో పెట్టేశాడు. రెండు చేతులా రాడ్ దొరకగానే ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటు నోరూ లేచింది. ఫ్రీ బస్సులను దంచుతూ దంచుతూ నయాపూల్‌లో అదే ఊపున దిగిపోయాడు.

బస్సు కదిలాక గుర్తొచ్చింది.

"ప్రభువా! నా డబ్బా! ఆపున్రి!"

ఎవడు ఆపుతాడు? సూపరింటెండెంటు వట్టి నమస్కారం అందుకుని బదిలీ కాగితం మీద సంతకం గీకేశాడు.

సాయంత్రం సుందరమ్మ గుమ్మంలోనే అడిగింది.

"సారు తిన్నడా?"

నిజం చెబితే ఇంట్లో పరువేం కావాలి? "నాకి నాకి తిన్నడు. డబ్బ గూడ ఇంటికి పట్కపోయిండు."

"అయితే బదిలీ ఆగినట్టేనా?"

"ఆగలె."

సుందరమ్మ కొంగు బిగించింది. "నా మీఠా తిని, నా డబ్బ ఉంచుకొని, నీకే బదిలీ చేస్తడా? రేపు నేనొచ్చి వాన్నే అడుగుత."

"బస్సుల మస్తు రష్ ఉంటదే. నీకెందుకు గీ లొల్లి?"

"ఉండనీ. నాకు టికెట్ గూడ లేదు!"

మర్నాడు ఇద్దరూ ఎక్కారు. సుందరమ్మకు రుక్మాబాయి పక్కనే చోటిచ్చారు. బాబురావు మొహం తిప్పుకున్నాడు గానీ, రుక్మాబాయి కంట పడనే పడ్డాడు. కడిగిన డబ్బా పైకెత్తి ఆమె అంది:

"నిన్న ఎంత పిలిచినా ఇనకపోతివి అన్నా. ఖరాబైతదని మేమే తిన్నం. మీ ఇంట్లామె చెయ్యి మస్తు చెయ్యి!"

సుందరమ్మ మెల్లగా మొగుడి వైపు తిరిగింది. ముందూ వెనకా జనం, దిగుదామంటే దారి లేదు. బాబురావు రెండు చేతులా రాడ్ పట్టుకున్నాడు.