వదిన మార్చిన ప్రశ్న

మొన్న కంటి డాక్టర్ ఆఫీసులో ఫారం నింపుతుంటే మూడో పేజీలో ఒక ప్రశ్న కనబడింది: "మీరు ఎప్పుడైనా సైన్యంలో పనిచేశారా?" లేదు అని టిక్కు పెట్టి ముందుకి పోవాల్సినదాన్ని, పెన్ను పట్టుకుని అక్కడే ఉండిపోయాను. రిసెప్షన్‌లో అమ్మాయి "ఏమైనా డౌటా?" అని కూడా అడిగింది. డౌటేం కాదు, మా వదిన గుర్తొచ్చింది.

వదిన అంటే మా ఆయనకి పెద్దక్క. గుంటూరులో నర్సింగ్ చదివి, మా అందరికన్నా ఎంతో ముందు అమెరికా వచ్చేసిన మనిషి. నేను పెళ్లయి శాన్ రామన్‌కి వచ్చేనాటికి ఆవిడ కౌంటీ జైల్లో, అంటే మన జిల్లా జైలులాంటి దాంట్లో, నర్సు. ఈ సంగతి మా ఆయన బయట చెప్పేవాడు కాదు. పార్టీల్లో ఎవరైనా "అక్కయ్య ఎక్కడ వర్క్ చేస్తారు?" అంటే "కౌంటీలో" అనేసి పులిహోర ఉన్న వైపు నడిచేవాడు. వదినకి అలాంటి మొహమాటాలేం లేవు. "జైల్లోనండీ. బీపీలు చూస్తాను. మీ బీపీల కన్నా వాళ్లవే నయం" అనేది.

నాది డిపెండెంట్ వీసా. ఉద్యోగం చెయ్యకూడదు, డ్రైవింగ్ టెస్ట్‌లో రెండుసార్లు ఫెయిలయ్యాను. పొద్దున మా ఆయన ఆఫీస్‌కి వెళ్లాక నేనూ, డిష్‌వాషరూ మిగిలేవాళ్లం. ఒక ఆదివారం వదిన వచ్చి నా మొహం చూసి, "ఇట్టా గోడలు చూస్తా కూచుంటే పిచ్చెక్కుద్ది. వాలంటీర్‌గా నాతో రా. ఖైదీలకి ఫారాలు నింపిపెట్టే మనిషి కావాలి. నీ చేతిరాత బాగుంటది" అంది. వేలిముద్రలు తీసుకుని, నా గురించి వాకబు చేసి, రెండు నెలలకి రానిచ్చారు. మా వంశంలో జైలుకెళ్లింది మా తాతగారొక్కరే. అదీ సత్యాగ్రహంలో. సాయంత్రానికే వదిలేశారట, ఆ బాధ ఆయనకి చివరిదాకా ఉండేది.

ఆ జైల్లో అప్పుడే ఒక కొత్త ఏర్పాటు మొదలైంది. మాజీ సైనికులైన ఖైదీలని, వాళ్లని ఇక్కడ వెటరన్లంటారు, అందరితో కలపకుండా ఒకే హాల్లో ఉంచడం. అక్కడ కాపలా ఉండే డెప్యూటీ కూడా ఒకప్పుడు సైన్యంలో చేసినవాడే. పొద్దున్నే పక్కలు సర్దుకోవాలి, గుండ్రంగా కూచుని మాట్లాడుకోవాలి, కోపం మీద, తాగుడు మీద క్లాసులుండేవి. వీటన్నిటికోసం జైలు పెద్దల వెంటపడ్డవాళ్లలో వదిన ముందుండేది. తీరా హాలు తెరిచాక సగం మంచాలు ఖాళీ. జైలు కెప్టెన్ "వేసవి దాకా చూస్తాను. నిండకపోతే మామూలు ఖైదీలకి ఇచ్చేస్తాను" అన్నాడు.

ఆ రోజుల్లోనే బీపీ చూపించుకోడానికి ఒకతను వచ్చాడు. పొడుగ్గా ఉంటాడు, మాట్లాడడు, ఎక్కడ నిలబడ్డా వీపు గోడకానించే నిలబడతాడు. వదిన అతనికి మౌనిబాబా అని పేరు పెట్టింది. జైల్లోకి తీసుకునేటప్పుడు అందరినీ "మీరు వెటరనా?" అని అడుగుతారు. అతని కాగితంలో "కాదు" అని ఉంది. వదిన పట్టీ చుడుతూ మళ్లీ అడిగింది. "నో, మేడమ్." ఆవిడకి నమ్మకం కలగలేదు. "పోనీ, ఎప్పుడైనా యూనిఫాం వేశావా?" అంది.

"యెస్, మేడమ్. ఇరాక్. రెండుసార్లు."

"మరి వెటరన్ కాదంటావేం?"

"వెటరన్లంటే మా తాతలాంటి వాళ్లు కదా. ఇరవయ్యేళ్లు చేసి, మెడల్స్ పెట్టుకుని తిరిగేవాళ్లు. నేను ట్రక్కు తోలానంతే. పైగా ఇప్పుడు జైల్లో ఉన్నాను. ఆ పేరు నాకెందుకు?"

వదిన ఆ సాయంత్రమే కెప్టెన్ గది ముందు కూచుంది. ఫారంలో ప్రశ్న మార్చమంది. వెటరనా అని అడగొద్దు, సైన్యంలో పనిచేశావా అని అడగండి అంది. ఫారం మార్చాలంటే మూడు ఆఫీసులు ఒప్పుకోవాలన్నాడాయన. "అయితే మూడింటికీ పోతా" అంది. పోయింది కూడా, తన సెలవురోజుల్లో. ప్రశ్న మారిన నెల తిరక్కుండానే మంచాలు నిండాయి.

మౌనిబాబా హాల్లోకి వచ్చాడుగానీ నోరు విప్పలేదు. శిక్ష వేసేముందు చదవడానికి కోర్టుకి అతను తన కథ రాసివ్వాలి. నా బల్ల ముందు కూచునేవాడు, కాగితం తెల్లగానే ఉండేది. ఒకరోజు ఏం మాట్లాడాలో తోచక, నా డ్రైవింగ్ టెస్ట్ గొడవ చెప్పాను, కార్లు దూసుకుపోయే ఫ్రీవే మీదికి ఎక్కాలంటే భయమని. అతను పెన్సిల్ తీసుకుని కాగితం మీద లేన్లు గీశాడు. అద్దం ఎప్పుడు చూడాలో, ఎంత వేగంతో కలవాలో చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. చెప్పి చెప్పి సిగ్నల్ గీశాడు. అక్కడ పెన్సిల్ నిలిచిపోయింది.

"ఇక్కడ నేను ఆగలేను" అన్నాడు. "ఇరాక్‌లో మా ట్రక్కులు ఆగకూడదు. ఆగితే పేల్చేస్తారు. ఒకసారి నా ముందు ట్రక్కు ఆగింది."

తర్వాతది అతను చెబుతుంటే నేను రాశాను. తిరిగొచ్చాక కూడా ఎర్రలైటు చూస్తే చెమటలు పట్టేవట. ఒకరోజు రెండు వైపులా కార్లు వచ్చి నిలబడేసరికి గుండె అదిరి, ముందున్న కారుని గుద్దుకుంటూ పోయాడు. పోలీసులు కార్లోంచి బయటికి లాగితే తిరగబడ్డాడు. నాలుగు పేజీలయ్యాయి. చివర్లో నా అక్షరాలు నాకే కనబడలేదు.

కోర్టు రోజున వదిన సెలవు పెట్టి, మంగళగిరి చీర కట్టుకుని ముందు వరసలో కూచుంది. జడ్జి కాగితాలన్నీ చదివి, ఏమైనా చెప్పుకుంటావా అని అతన్ని అడిగాడు. అతను లేచి, "ఆ కార్లో ఉన్నావిడకి మెడనొప్పి తగ్గిందా, సర్?" అన్నాడు. జడ్జి కళ్లజోడు తీసి, "తగ్గిందని ఆవిడ కోర్టుకి రాసింది" అన్నాడు. పెద్ద జైలుకి పోవలసినవాణ్ణి, ఏడాదిపాటు చికిత్స చేసే చోటికి పంపాడు. వదిన చీర కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఏసీ ఎక్కువైంది" అంది.

ఆ ఏడాది గడిచాక అతను ఒక గోడౌన్‌లో పనికి కుదిరాడు. మంగళవారాలు వాలంటీర్‌గా హాల్లోకి వచ్చి, కొత్తగా వచ్చిన వాళ్ల పక్కన ఊరికే కూచునేవాడు. కారు మాత్రం ముట్టుకోలేదు. రెండు బస్సులు మారి వచ్చేవాడు.

వదిన రిటైరై చాలా ఏళ్లయింది. డెబ్బై దాటాయి. కంటి డాక్టర్ దగ్గర్నుంచి ఇంటికొచ్చి ఆవిడకి ఫోన్ చేశాను. మౌనిబాబా గుర్తున్నాడా అని అడిగాను. "ఏ మౌనిబాబానే? అట్టాంటోళ్లు బోలెడుమంది వచ్చారుగా" అంది.

నేను ఇన్నేళ్లు గుండెల్లో దాచుకున్న ఏడాది, ఆవిడ లెక్కలో ఒక మామూలు పనిరోజు.