మోటారు వేయరాదు

హఫీజ్‌పేట్‌లో మేముండే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, మెట్ల పక్క గదిలో, వాచ్‌మన్ కుటుంబం ఉండేది. పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. అతని భార్య మా ఇంట్లో గిన్నెలు తోమేది. కూతురు సర్కారు బడిలో మూడో తరగతి. నాది కాకినాడ. హైటెక్ సిటీలో ఉద్యోగం, శని ఆదివారాలు సెలవు. ఒక శనివారం ఆమె చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, మా పిల్ల సదువు జర చూడరాదు? దినాం సదువుతనే ఉంటది. టీచరమ్మేమో దానికేం సమజైతలేదంటది."

మర్నాడు ఆ పిల్ల తలకు నూనె రాసుకుని, పుస్తకం గుండెలకు హత్తుకుని వచ్చింది. చదవమన్నాను. చదివింది. నేను ఆశ్చర్యపోయాను. ఒక్క అక్షరం తడబడలేదు. ఒత్తులు, దీర్ఘాలు అన్నీ సరిగ్గా పలికింది. కానీ ఎక్కడా ఆగలేదు. ఒక వాక్యం అయిపోయి ఇంకోటి మొదలైన సంగతి ఆ పిల్ల గొంతులో తెలియలేదు.

"ఈ పాఠంలో చెరువు గట్టు మీద ఎవరు కూర్చున్నారమ్మా?" అని అడిగాను.

నా ముఖంలోకి చూసింది. తర్వాత పాఠం మళ్లీ మొదటి నుంచి, అదే వేగంతో చదివేసింది.

సరిగ్గా తినడం లేదేమోనని పుస్తకం తెరవకముందే ఉప్మా పెట్టడం మొదలుపెట్టాను. చూపు తక్కువేమోనని కళ్లజోళ్ల దుకాణానికి తీసుకెళ్లాను. కళ్లు బాగానే ఉన్నాయన్నారు. ఒకరోజు ఉండబట్టలేక ఆ పిల్లనే అడిగాను. "ఇంత బాగా చదువుతావు కదా, అర్థమేమిటో ఎందుకు చెప్పవు?"

"అర్థం టీచర్ బోర్డు మీద రాస్తది గదా ఆంటీ. మేం నోట్‌బుక్‌ల ఎక్కించుకుంటం" అంది, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

ఆఫీసుకు సెలవు పెట్టి బడికి వెళ్లాను. టీచర్ ఒకే గదిలో రెండు తరగతులను కూర్చోబెట్టుకుని ఉన్నారు. ఒకవైపు పిల్లలకు లెక్కలిచ్చి, ఇంకోవైపు పాఠం చెబుతున్నారు. "ఏం చేయమంటారండి? వీళ్లలో కొందరు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, కొందరు హిందీ. తెలుగు మాట్లాడేవాళ్లకు కూడా ఈ పుస్తకంలో తెలుగు కొత్తే" అన్నారు. చివరి మాట నాకు అంతగా పట్టలేదు. తెలుగు పిల్లకు తెలుగు కొత్తేమిటి అనుకున్నాను.

ఆ వేసవిలో వాచ్‌మన్ బంధువుల పెళ్లికని ఊరెళ్లాడు. నీళ్ల మోటారు చూసే పని భార్య మీద పడింది. ఆదివారం పొద్దున్నే నేను పాల ప్యాకెట్లకు కిందికి దిగితే, అసోసియేషన్ సెక్రటరీ రాసి అంటించిన కాగితం ముందు తల్లీకూతుళ్లు నిలబడి ఉన్నారు. "సంపు శుభ్రం చేస్తున్నారు. ట్యాంకర్ వచ్చి నీళ్లు నింపే వరకు మోటారు వేయరాదు." తల్లికి చదువు రాదు. కూతురు గడగడా చదివింది.

"గట్ల కాదే, మోటర్ ఎయ్యాల్నా, వద్దా?"

ఆ పిల్ల మొదటిసారి ఆగి ఆలోచించడం చూశాను. "ఎయ్యరాదు అంటున్రమ్మా. ఎయ్యమంటున్రు" అంది. తల్లి స్విచ్ వైపు చేయి చాచింది.

"ఆగండి, ఆగండి! వేయకూడదు!" అని అరిచాను.

ఇద్దరూ నన్ను వింతగా చూశారు. "ఎయ్యరాదు అనే ఉంది గదా ఆంటీ?" అంది పిల్ల, దాదాపు ఏడుపు గొంతుతో.

అప్పుడు నాకు వెలిగింది. 'మా పిల్ల సదువు జర చూడరాదు' అని తల్లి నన్ను బతిమాలింది చూడమనే కదా! వాళ్లింట్లో 'జర తినరాదు' అంటే తినమని. పిల్ల తప్పు చదవలేదు. తనకు తెలిసిన మాటతో మొదటిసారి అర్థం కోసం వెతికింది. ఆ కాగితంలో ఉన్నది తన ఇంటి మాట కాదు, అంతే. దగ్గరికి తీసుకుని, "నువ్వు చెప్పింది మీ ఇంట్లో అయితే నిజమే తల్లీ. పుస్తకంలో మాత్రం వేయరాదు అంటే వేయొద్దు అని" అన్నాను.

"అయితే గట్లనే రాయొచ్చు గదా!"

ఆ రోజు నుంచి మా పద్ధతి మారింది. ఒక వాక్యం చదవగానే పుస్తకం మూసి, అదే సంగతి వాళ్ల అమ్మకు చెబుతున్నట్టు చెప్పాలి. మొదట్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకునేది. మెల్లగా వాక్యం చివర ఆగడం వచ్చింది. తెలియని మాట దగ్గర వేలు పెట్టి, "అంటే ఏంది?" అనడం వచ్చింది. కొన్నిటికి నాకే వాళ్ల మాట తెలిసేది కాదు. వంటింట్లో ఉన్న వాళ్లమ్మను కేకేసి అడిగేవాళ్లం.

ఒక కథలో ముసలమ్మ గుమ్మడికాయ పోతుంది. మర్నాడు ఎవరో మనిషి చంకలో గుమ్మడికాయతో వచ్చి, కోసుకోవడానికి ఆమెనే కత్తిపీట అడుగుతాడు. అతనే దొంగ అని కథలో ఎక్కడా రాయలేదు. ఆ పిల్ల చదువుతూ చదువుతూ ఆగింది. పుస్తకం మీద చెయ్యి వేసి పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

"గా కాయ ఆమెదే ఆంటీ! ఆమెనే కత్తిపీట అడుగుతున్నడు సూడు! ఎంత పాగల్‌గాడు!"

వాళ్లమ్మ గిన్నెలు వదిలేసి వచ్చి, "ఏందే, ఏమైంది?" అంది. ఆ పిల్ల కథంతా మొదటి నుంచి చెప్పింది, దొంగ నడకతో సహా.

ఇప్పుడు నాలుగో తరగతి. ఇంగ్లీషు పాఠాలు ఇప్పటికీ గడగడా చదివేస్తుంది, అర్థం అంతంత మాత్రమే. ఆ దారి ఇంకా చాలా ఉంది. మొన్న మార్కెట్‌లో వాళ్ల టీచర్ కనబడి, "మీ పిల్ల గంటకోసారి లేచి, అంటే ఏంది టీచర్ అంటోందండి. దాన్ని చూసి మిగతావాళ్లూ మొదలుపెట్టారు. పాఠం ముందుకు సాగడం లేదు" అన్నారు. ఆ మాటల్లో విసుగు కంటే సంతోషమే ఎక్కువ వినిపించింది.