నలభై ఒక్క పేర్లు

వీధిలో అందరూ ఆమెను స్క్రూడ్రైవరమ్మ అనేవారు. చిన్న స్క్రూడ్రైవరొకటి పెన్సిల్‌లా చెవి మీద పెట్టుకుని తిరిగేది. దాని కోసం ఇల్లంతా వెతికి, చివరికి చెవి మీదే దొరికితే తమ్ముణ్ణి తిట్టేది. ముందుగదిలో కంప్యూటర్లు బాగుచేసే షాపు. వెనకగదిలో, కిటికీ పక్కన, తమ్ముడి కంప్యూటర్.

తమ్ముడికి చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రామే అతని ఆధారం. దాన్ని మామూలు చెవికి అందనంత వేగంగా పెట్టుకునేవాడు.

"తేనెతుట్టె కదిపినట్టుంది, తగ్గించరా బాబూ!" అని అక్క చెవులు మూసుకునేది.

ఆ రోజు పదకొండింటికి అతనికి పరీక్ష. రికార్డు చేసిన మాటలు విని టైపు చేసే ఉద్యోగానికి. మూడేళ్లుగా అర్జీలు పెడుతుంటే పిలిచినవాళ్లు వీళ్లొక్కరే. పదకొండు తర్వాత పది నిమిషాల్లోగా లోపలికి వెళ్లకపోతే పేజీ మూసుకుపోతుంది.

పది కొట్టేసరికి అక్క మనసులో పురుగు తొలిచింది. అప్‌డేట్లు వచ్చాయంటూ తెర మూల ఒక నోటీసు పడుతుండేది. పడినప్పుడల్లా ఆ ప్రోగ్రాము గొంతు చేస్తున్న పని వదిలేసి దాన్నే చదివేది. పరీక్ష మధ్యలో అలా అడ్డొస్తే?

"ఉండనీ అక్కా, బాగానే ఉందిగా."

"నువ్వూరుకో. రెండు నిమిషాల పని."

ఆ కంప్యూటర్ నడిచేది లైనక్స్ మీద. అందులో ఆ నోటీసులు వేసే ప్యాకేజీని, అంటే ఆ చిన్న ప్రోగ్రామును, తీసెయ్యమని టైపు చేసింది. అది పోతూ పోతూ, డెస్క్‌టాప్ అంతటినీ ఒక కట్టగా పట్టి ఉంచిన ప్యాకేజీని కూడా వెంట తీసుకుపోయింది. ఆమె గమనించలేదు. కట్టు తెగాక కంప్యూటర్ మరో నలభై ఒక్క పేర్లు చూపించి, ఇవి ఇక ఎవరికీ అక్కర్లేదు, తీసెయ్యమంటావా అని అడిగింది. గొంతు వాటిని గబగబా చదివింది. ఎప్పుడూ చేసే శుభ్రమే కదా అని ఆమె అవునని నొక్కింది.

కాసేపటికి గొంతు మాట మధ్యలో ఆగిపోయింది.

"అక్కా?"

"ఉండు."

"ఏం తీశావక్కా?"

ఆమె మీటల మీదికి వంగింది. చదివే ప్రోగ్రామును మళ్లీ దించింది. అది తెర మీదికి వచ్చింది గానీ నోరు విప్పలేదు. డిస్కు చిన్నదని, తప్పనిసరైనవి తప్ప తోడు ప్యాకేజీలేవీ దించొద్దని ఏనాడో ఆమే కట్టడి చేసి పెట్టింది. ఆ పొదుపు ఇప్పుడు గొంతుకు అడ్డం పడింది.

పదీ ఇరవై ఐదు. ఏమేం పోయాయో రాసి ఉండే ఫైలు తెరిచింది. నలభై ఒక్క పేర్లూ ఒక్క పోలికే. ఇంటర్నెట్ నత్తనడక నడుస్తోంది. అన్నీ దించితే మధ్యాహ్నమవుతుంది. ఏవి దించాలి?

"వాళ్లకి ఫోన్ చేసి కాస్త టైం అడగనా?"

"ఏమని? మా అక్క నా గొంతు ఊడబీకిందనా?"

ఆమెకు నవ్వు రాలేదు. తమ్ముడే కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"చివర్న రెండు పేర్లున్నాయి చూడు. మాటల్ని గొంతుకి అందించే సర్వీసొకటి, దాని పక్కనే ఆ గొంతు. మిగతావి తర్వాత చూసుకోవచ్చు."

"నీకెలా తెలుసురా?"

"అది చదివిందిగా. మొత్తం విన్నాను."

"విన్నవాడివి అప్పుడే చెప్పొద్దూ!"

"నువ్వు చూస్తున్నావు కదా అనుకున్నాను."

ఆమె జాబితా చివరికి వెళ్లి చూసింది. తర్వాత ఆ రెండు పేర్లూ టైపు చేసింది.

దిగేసరికి పదీ యాభై ఒకటి. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేసింది. తెర వెలిగింది. నిశ్శబ్దం. ఆమె చెవి మీది స్క్రూడ్రైవర్ తీసి గుప్పిట్లో బిగించింది. పదీ యాభై ఆరుకు తేనెతుట్టె కదిలింది.

"హమ్మయ్య" అని తమ్ముడు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. "ఇక వెళ్లక్కా. ఏదీ ముట్టుకోకుండా వెళ్లు."

ముందుగదిలో ఎవరో లాప్‌టాప్ పట్టుకుని నిలబడ్డారు. ఆమె కూర్చోమని సైగ చేసి, తలుపు సందులోంచి మీటల చప్పుడు వినిపించేదాకా గోడకు ఆనుకునే ఉంది.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ, ఎవరి కంప్యూటర్‌లోంచి ఏది తీయాల్సి వచ్చినా, ఆ పేర్లు ఒక్కొక్కటే పైకి చదివేది. వెనకగదిలో తమ్ముడు ఆఫీసు పని ఆపి వినేవాడు. అతను "ఊఁ" అన్నాకే నొక్కేది.