ట్యాంకరు సాక్ష్యాలు

మా పశ్చిమ ప్రకాశంలో ఎండాకాలం ఆడవాళ్లను మాట్లాడించడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. "నీళ్లు వచ్చినాయా అక్కా?" అని అడిగితే చాలు, మీ బస్సు వచ్చి వెళ్లిపోయినా వాళ్ల మాట అయిపోదు. అటువంటి ఆడవాళ్లను ఆరుగురిని పట్టుకుని, మూడు రోజుల్లో వాళ్ల నోళ్లకు తాళం వేసి, మా చెల్లెలి కూతురి అయిదేళ్ల చదువును గోతి అంచుదాకా నెట్టుకొచ్చిన ఘనత నాది. ఎలా సాధించానో చెబుతాను, నవ్వుకోండి. కాకపోతే అప్పుడు నాది చిన్న వయసని గుర్తుంచుకోండి. అరవై మూడేళ్ల రెండు నెలలు.

ముప్పై నాలుగేళ్లు మార్కాపురంలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పిల్లలు పోయారు, లెక్కలు మాత్రం నాతోనే ఉండిపోయాయి. పాలు విరిగిన తేదీలు, కరెంటు పోయిన నిమిషాలు, పాస్టరుగారి ప్రసంగం ఏ ఆదివారం ఎంతసేపు సాగిందీ, అన్నిటికీ నా దగ్గర నోటుపుస్తకం ఉంది. కాలు ఒకచోట నిలిచేది కాదు. మధ్యాహ్నం పడుకుంటే మంచం కింద నిప్పులు పోసినట్టుండేది.

అట్లాంటి మే నెలలో ఒక సోమవారం ప్రసన్న దిగింది. మా చెల్లెలి కూతురు. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది.

"పెద్దమ్మా, నీళ్ల ట్యాంకరు కోసం కాచుకునే ఆడవాళ్లు కావాలి నాకు. ఆరుగురు."

"ఆరు వందలా?"

"ఆరుగురే."

"ఆరుగురితో ఏం తేలుతుందే? సగటు తీస్తే ఆ సగటుకే సిగ్గేస్తుంది."

"సగటు తీయను పెద్దమ్మా. నేను చేసేదాన్ని ఇంటర్‌ప్రెటేటివ్ ఫెనామెనలాజికల్ అనాలిసిస్ అంటారు."

ఆ పేరు పలకడం నాకు రావడానికి రెండు రోజులు పట్టింది. సులువుగా ఐపీఏ అనుకోమంది. అదేమిటో ఉప్మా తింటూ విడమరిచి చెప్పింది. ట్యాంకరు ఎన్నింటికి వచ్చింది, ఎన్ని బిందెలు పోసింది అన్నది ముఖ్యం కాదట. దానికోసం కాచుకున్న మనిషి లోపల ఏం జరిగింది, ఆ మనిషి దానికి తనకు తాను ఏమని అర్థం చెప్పుకుంది, అది కావాలట. ఒక్కొక్కరితో గంటో గంటన్నరో కూర్చోవాలి. తడబడినా, ఏడ్చినా, మాట మధ్యలో ఆపి గోడకేసి చూసినా రాసుకోవాలి. ఎవరి మాట వాళ్లదిగా విడివిడిగా పదిసార్లు చదివి, ఆ తర్వాతే ఆరూ పక్కపక్కన పెట్టి చూడాలి.

"మరి తప్పు చెబితే?" అన్నాను.

"ఇందులో తప్పుండదు పెద్దమ్మా. ఆమెకు అట్ల అనిపించింది, అంతే."

తప్పే ఉండని చదువు! చెవిలో ఈగ దూరినట్టయింది నాకు.

"వచ్చే బుధవారం సాయంత్రానికి ఆరు ఇంటర్వ్యూలూ మా గైడు మేడంకు పంపాలి. ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచినారు. ఈసారి తప్పితే రిజిస్ట్రేషనే పోతుంది" అంది ప్రసన్న. "నువ్వు చేయాల్సింది ఒకటే. నన్ను వాళ్లకు పరిచయం చెయ్యి. ఏం చెప్పాలో మాత్రం వాళ్లకు చెప్పొద్దు."

"నేనెందుకు చెబుతానే!"

ఈ మాట సోమవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు అన్నాను. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా చెప్పేసి వచ్చాను.

నా తప్పేమీ లేదు, వినండి. ప్రసన్న మంగళవారం గిద్దలూరులో స్నేహితురాలిని చూడటానికి వెళ్లింది. నేను ఇంట్లో ఒంటరిగా మిగిలాను. ఆరుగురు ఆడవాళ్లు, గంటన్నర చొప్పున తొమ్మిది గంటలు. అందులో అసలు విషయం ఎంతుంటుంది? పిల్ల అమాయకురాలు, గడువు దగ్గర పడింది. కాస్త సర్ది పెడదామని త్రిపురాంతకం దారిలో ఉన్న మా పుట్టినూరికి ఆటో ఎక్కాను.

ఆ ఊళ్లో ప్రతి గురువారం మా చర్చి స్త్రీల సమాజం కూడుతుంది. అక్కడ సాక్ష్యాలు చెబుతారు. అంటే, ఒక్కొక్కరు లేచి తమకొచ్చిన కష్టాన్నీ దేవుడు దాన్ని తీర్చిన తీరునూ నలుగురి ముందు చెప్పుకుంటారు. వదిలేస్తే ఒక్కో సాక్ష్యం అన్నం వేళ దాటి పోతుంది. అందుకని నన్ను గంట దగ్గర కూర్చోబెట్టారు. మూడు నిమిషాలు కాగానే కొడతాను. మొదటి నిమిషం శోధన, అంటే పడ్డ కష్టం, రెండో నిమిషం ప్రార్థన, మూడో నిమిషం విడుదల. ఈ పద్ధతి పెట్టాక మా సమాజం పన్నెండున్నరకు ముగియని గురువారం లేదు.

ఆరుగురినీ మార్తమ్మ వాకిట్లో కూర్చోబెట్టాను. మార్తమ్మ కూలికి పోయే మనిషి, మోకాళ్ల నొప్పులు, నోరు మాత్రం నొప్పెరగదు.

"రేపు మా ప్రసన్న వచ్చి ట్యాంకరు సంగతి అడుగుతుంది. యూనివర్సిటీకి పోయే మాటలు. ఇష్టం వచ్చినట్టు మాట్లాడొద్దు. సాక్ష్యం చెప్పినట్టు చెప్పండి" అన్నాను.

"మూడు నిమిషాలేనా టీచరమ్మా?"

"మూడే."

"ట్యాంకరు రాకపోతే విడుదల యాడుంటది?" అని అడిగింది సంతోషమ్మ. ఆమె కోడలికి అప్పుడు నెలలు నిండుతున్నాయి.

"ఎప్పుడో ఒకప్పుడు వచ్చింది గదా. అదే విడుదల."

ఆరుగురిలో లక్ష్మమ్మ ఒక్కతే మా చర్చి మనిషి కాదు. పదెకరాల రైతు ఇల్లాలు. ఊరి చివర పెద్ద ఇల్లు. గుమ్మంలోనే నిలబడి, "నాకు ఈ సాక్ష్యాలవీ తెలవవు వదినా" అంది. తెలియకపోతే నేర్పడానికి నేను లేనా? ముప్పావు గంటలో నేర్పాను. అందరికన్నా ముందు ఆమెకే వచ్చింది. లెక్కలు తప్పకూడదని మార్తమ్మ గడప నుంచి ట్యాంకరు ఆగే చోటిదాకా అడుగులు కొలిచి, నూట ముప్పై ఆరని ఆరుగురికీ కంఠతా పట్టించాను.

బుధ, గురువారాల్లో ఇంటర్వ్యూలు జరిగాయి. నేను దూరంగా వేపచెట్టు కింద కూర్చున్నాను, ఏమీ ఎరగనట్టు. ప్రసన్న రికార్డరు పెట్టి మెల్లగా అడిగింది.

"ట్యాంకరు కోసం కాచుకునేటప్పుడు మీకు ఎట్ల ఉంటుందో చెప్పండి అత్తా."

మార్తమ్మ లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. "ప్రభువు నామమున మీకందరికీ వందనాలు. మా ఇంటికి ట్యాంకరు ఆగే చోటు నూట ముప్పై ఆరు అడుగులు. ఎండలో బహు శోధన పడినాను. ప్రార్థన చేసినాను. ట్యాంకరు వచ్చినాది. పది బిందెలు పట్టినాను. స్తోత్రం." కూర్చుంది.

"ఇంకా..."

"అయిపోయింది పాపా."

సంతోషమ్మా అదే చెప్పింది. తర్వాతి ముగ్గురూ అదే చెప్పారు. లక్ష్మమ్మ చేతులు కట్టుకుని, బడిపిల్లలా పైకప్పు చూస్తూ మొత్తం అప్పజెప్పి, "మా వెంకటేశ్వరస్వామికి స్తోత్రం" అని ముగించింది. వేపచెట్టు కింద నేను చేతిగడియారం చూసుకున్నాను. రెండు నిమిషాల యాభై సెకన్లు. ఆనందంతో నా కళ్లు చెమర్చాయంటే నమ్మండి.

మొదట ప్రసన్న కూడా సంబరపడింది. "పెద్దమ్మా, ఆరుగురూ ఒకటే మాట! ఇంత ఏకత్వం ఎక్కడా చదవలేదు నేను" అంటూ శుక్రవారమంతా టైపు చేసి పంపింది. నేను గుంభనంగా నవ్వి ఇంకో గ్లాసు మజ్జిగ ఇచ్చాను.

శనివారం పొద్దున గైడు మేడం ఫోను చేశారు. ప్రసన్న స్పీకరు పెట్టింది.

"ప్రసన్నా, ఆ ఆరుగురూ ఒకే ఇంట్లో ఉంటారా?"

"లేదు మేడం, ఊరికి ఆ చివరా ఈ చివరా."

"మరి అందరికీ ట్యాంకరు నూట ముప్పై ఆరు అడుగుల దూరమే ఎలా అయ్యింది? ఇవి అనుభవాలు కావమ్మా, ఎవరో కుట్టించిన యూనిఫాం. ఎవరు నేర్పించారు వీళ్లకు?"

ప్రసన్న నా వంక చూసింది. నేను మజ్జిగ గ్లాసు వంక చూశాను.

"బుధవారం దాకా చూస్తాను" అని మేడం పెట్టేశారు.

ఆ పిల్ల అరిచినా బాగుండేది. అరవలేదు. గచ్చు మీద కూర్చుని, ఆ ఆరు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి అంచులు సరిచేసింది. "అయిదేళ్లు పెద్దమ్మా" అంది. అంతే. నోటుపుస్తకంలో ఆ రోజు పేజీలో ఏమీ రాయలేకపోయాను. ఈ రోజుకీ ఖాళీగానే ఉంది.

సోమవారం మళ్లీ వెళ్లాం. ఆటో దిగగానే ప్రసన్న చెయ్యి చాపింది.

"గడియారం ఇవ్వు."

"గడియారమెందుకే?"

"నోటుపుస్తకం కూడా."

నగలు ఒలిచినట్టు రెండూ ఒలిచి తన సంచిలో వేసుకుంది. మార్తమ్మ ఇంటికి పోయి, "అత్తా, మళ్లీ ఒకసారి మాట్లాడుకుందామా?" అని అడిగింది.

"చెప్పినాం గదమ్మా మొత్తం."

"అది కాదు, మీకు ఎట్ల ఉంటుందో..."

"టీచరమ్మ చెప్పమన్నది చెప్పినాం. మళ్లీ తప్పు బోతే ఆమెతో తిట్లెవరు తింటారు?" అంది సంతోషమ్మ నాకేసి చూసి. మిగతావాళ్లు గోడకు ఆనుకుని పెదవులు బిగించారు. తొంభై తొమ్మిది తాళాలు వేసిన పెట్టెల్లా ఉన్నారు.

"తిట్టను. నాదే తప్పు" అన్నాను. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆ ముక్క అనడం అదే మొదలు.

మార్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "చెప్పేదేముంది టీచరమ్మా, పోయి నిలబడరాదూ! ఇదిగో, ఈ రెండు బిందెలు వరసలో పెట్టుకోని కాచుకో. పొయ్యి మీద అన్నం ఉండాది, దించి వస్తా" అని బిందెలు నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

నిలబడ్డాను. ప్రసన్న రికార్డరు ఆపకుండానే నా పక్కకు వచ్చింది.

మొదట బాగానే ఉంది. తర్వాత చెప్పుల్లోంచి ఎండ ఎక్కడం మొదలుపెట్టింది. రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా ట్యాంకరులాగే వినబడింది. గ్రానైటు లారీ పోయింది, ట్రాక్టరు పోయింది, చివరికి పెళ్లి బస్సు కూడా పోయింది. మూడుసార్లు బిందెలు ఎత్తాను, మూడుసార్లు దించాను. దాహం వేస్తోంది కాని, నీళ్లు తాగడానికి పోతే వరస పోతుంది. ఇంతలో వెనక నుంచి ఎవరిదో పచ్చ బిందె నా బిందె ముందుకు జరిగింది.

"ఏయ్! ఎవరిదది? తియ్యి!"

"ఎప్పటినుంచో అక్కడే ఉండాది టీచరమ్మా."

"ఎప్పటినుంచో ఏంది? నేను కళ్లు మూసుకోని నిలబడినానా? తీస్తావా, తన్నమంటావా?"

అవునండీ, నేనే. గంట కొట్టే సుగుణమ్మ టీచర్నే. కాలితో ఒక్క తన్ను తన్నాను. పచ్చ బిందె దొర్లుకుంటూ కాలవ గట్టుదాకా పోయింది. అప్పుడు వచ్చింది ట్యాంకరు. మార్తమ్మ వచ్చేలోపల రెండు బిందెలూ నింపి, చీర మోకాళ్లదాకా తడిసి, ఆ నీళ్లకు కాపలా ఉన్నట్టు వాటి మధ్య నిలబడి ఉన్నాను.

"ఎంతసేపు నిలబడినావు పెద్దమ్మా?" అని అడిగింది ప్రసన్న.

"రెండు గంటలు" అన్నాను, రొప్పుతూ.

ప్రసన్న రికార్డరు చూపించింది. పంతొమ్మిది నిమిషాలు.

"నీ మిషను చెడిపోయింది. రెండు గంటలు. నాకు తెలవదా?"

ముందు మార్తమ్మ నవ్వింది. నవ్వుతూ కింద కూర్చుండిపోయింది. "పంతొమ్మిది నిమిషాలకే బిందెను తన్నె టీచరమ్మ! మరి మమ్మల్నేమంటావు? నాకైతే చర్చిలో పాట పాడతా ఉన్నా ఒక చెవి రోడ్డు మీదనే ఉంటది. నిద్రలో లేచి తలుపు తీసిన రోజులు ఉండాయి, ఏం రాలేదని తెలిసినాక సిగ్గేసేది."

"నాకు మాత్రం కోపం కోడలి మీదికి పోతాది పాపా" అంది సంతోషమ్మ. "నిండు నెలల పిల్ల. ఒక చెంబు ఎక్కువ పోసుకుందని అరిచినా. అరిచినాక నేను మనిషినా అనిపించింది."

మాటలు గట్టు తెగిన కాలవలా వచ్చాయి. అందరూ అయ్యాక, దూరంగా నిలబడిన లక్ష్మమ్మ దగ్గరికి వచ్చింది.

"మా బోరు పోసినన్నాళ్లు ఊరంతా మా ఇంటికే వచ్చేటోళ్లు" అంది నెమ్మదిగా. "ఇప్పుడు నేను బిందె పట్టుకోని వస్తే వీళ్లు జరిగి ముందు చోటిస్తారు. కసిరినా బాగుండును. ఆ చోటులోకి పోయి నిలబడేటప్పుడే నాకు కాళ్లు రావు."

మార్తమ్మ ఆమె చేతిలో బిందె తీసుకుని తన బిందె పక్కన పెట్టుకుంది. ఈ మనిషికి నేను ముప్పావు గంట కూర్చుని స్తోత్రం నేర్పాను. ఆమె చెప్పాల్సిన మాట ఇదని అప్పుడు నాకు తట్టలేదు, అడగాలనీ తోచలేదు.

ఆ రెండు రోజుల్లో ప్రసన్న ఒక్కొక్కరితో విడివిడిగా కూర్చుంది. మొత్తం ఎన్ని గంటలో నాకు తెలియదు, గడియారం ఇంకా తన సంచిలోనే ఉంది. బుధవారం నాలుగింటికి అన్నీ వెళ్లాయి. ఏడింటికి మేడం నుంచి జవాబు వచ్చింది: "ఇప్పుడు ఆరుగురు కనబడుతున్నారు." అది చదివి ప్రసన్న నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చిందో నేను లెక్కపెట్టలేదు.

తర్వాత ఆ పిల్ల డాక్టరయింది. లావుపాటి థీసిస్ నాకొక ప్రతి పంపింది.

కనుక ఈ మాట సాటి మనుషులందరి ఎదుటా ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట ఎవరు తమ కష్టం చెప్పుకుంటున్నా తేదీ అడగను, అడుగులు కొలవను, అంకె సరిచేయను. ఎవరికి ఎంతనిపిస్తే అంతే. ఈ ప్రమాణానికి నా బతుకంతా కట్టుబడి ఉంటాను.

ఆ థీసిస్‌లో ఒక్క పేజీలో తప్ప. సహాయకురాలు, అంటే నేను, వరసలో పంతొమ్మిది నిమిషాలు నిలబడిందని రాసిందా పిల్ల. శుద్ధ తప్పు. ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన రాసిపెట్టాను: రెండు గంటలు.